రెండిళ్ళ ఈస్ట్

చచ్చిన ఈస్ట్ చూడ్డానికి బతికున్న ఈస్ట్ లాగే ఉంటుంది. అదే మీగడ రంగు, అదే చిక్కదనం, జాడీ వంచితే అదే బద్ధకంగా జారడం. మొదటి రోజు వాసనలో కూడా పెద్ద తేడా తెలియదు. మా ఊళ్ళో ఈ సంగతి బాగా తెలిసినవాణ్ణి నేనే. తెలిసే చేశాను.

గోడెలీవ్ అత్త నాకు రక్తసంబంధం కాదు. మా వీధి చివరి ఇల్లు ఆవిడది. ఊళ్ళో సగంమందికి ఆవిడ అత్తే. చర్చి వెనక ఒకప్పుడు బీరు కాచే చిన్న బ్రూవరీ ఉండేది. ఆవిడ అక్కడ సీసాలు కడిగే పనిలో చేరి, తర్వాత తొట్ల దగ్గరికి మారింది. పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో అది మూతపడింది. యజమాని రాగి తొట్లను పాతసామాన్లవాడికి తూకానికి అమ్ముతుంటే, ఆవిడ మాత్రం ఆఖరి తొట్టి మీద తేలిన ఈస్ట్ నురగను పాల క్యానులో నింపుకుని, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికొచ్చేసింది. అప్పటినుంచి నెలకోసారి వంటింటి వెనక గదిలో నలభై లీటర్లు కాచేది. బీరు మీద ఆశతో కాదు, ఈస్ట్ చావకూడదని.

"ఆవుకు మేత వెయ్యకుండా ఊరెళ్తామా? ఇదీ అంతే. నెలకోసారి దానికి తిండి పెట్టాలి. బీరంటావా, అది పెట్టే పేడ అనుకో," అనేది.

ఆవిడ నియమం ఒకటుంది. ఈస్ట్ ఎప్పుడూ రెండిళ్ళలో ఉండాలి. ఒక ఇల్లు కాలినా, ఒకరి చెయ్యి పాడైనా, రెండో ఇంట్లో మిగులుతుంది. ఒకరి దగ్గర పులిసిపోతే రెండోవాళ్ళు మాట మాట్లాడకుండా జాడీ నింపి ఇవ్వాలి. అడిగితే లేదనకూడదు, ఇచ్చినందుకు ఏమీ పుచ్చుకోకూడదు. మొదట ఆ రెండో ఇల్లు పాత పోస్ట్‌మాన్‌ది. ఆయన పోయాక నాది అయ్యింది.

నేను పదిహేనేళ్ళకే బడి మానేసినవాణ్ణి. కూరగాయల్ని గడ్డకట్టించి సంచుల్లో నింపే ఫ్యాక్టరీలో అప్పటినుంచీ ఉన్నాను. బఠానీలు, క్యారెట్లు, మళ్ళీ బఠానీలు. నాకు ఎవరూ ఏదీ నమ్మి అప్పగించలేదు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసినా, బడిలో నిద్రపోయిన కుర్రాడొకడు కాగితం ముక్క పట్టుకొచ్చి నా మీద సూపర్‌వైజర్ అయ్యాడు. గోడెలీవ్ అత్త ఒక్కతే నా చేతిలో ఒక ప్రాణాన్ని పెట్టింది.

నేర్పింది కూడా ఆవిడే. చెక్క గరిటె పట్టుకుని తొట్టి మీద వంగి నిలబడేది.

"చూడరా నీల్, మొదట లేచే ఈ గోధుమరంగు నురగ చేదుది. తీసి అవతల పారెయ్. రేపు దొంతరలు దొంతరలుగా తెల్లగా లేస్తుంది, అదీ మనక్కావాల్సింది."

"అడుగున బోలెడు మడ్డి ఉంటుంది కదత్తా? అది తీసుకుంటే పోలా? ఈ గరిటెల తిప్పలెందుకు?"

"పనిచేసేవాళ్ళు పైనుంటారు. పని అయ్యీ కాకముందే పడుకున్నవాళ్ళు అడుగునుంటారు. నువ్వు పిల్లని ఎవరికిస్తావ్?"

"నాకు పిల్లల్లేరు కదా."

"అందుకే బుర్రకెక్కట్లేదు, వెధవా!"

ఆవిడ బీరు ఎలా ఉండేదో చెప్పాలంటే కష్టం. నాలుక మీద పడగానే తీపి అనిపించేది. మింగేసరికి ఆ తీపి ఎక్కడా ఉండేది కాదు. గొంతులో మిరియం గీరినట్టు, ఎండిన నారింజ తొక్క కొరికినట్టు, అంతే. మాల్ట్ రసంలో, అంటే మొలకెత్తించిన బార్లీ ఉడికించిన తీపి నీళ్ళలో, చక్కెర కొలత పదిహేనుతో మొదలైతే రెండుకు దిగేదాకా ఆ ఈస్ట్ నిద్రపోయేది కాదు. తీపి మొత్తం తినేసి, గిన్నె నాకేసే రకం.

ఆవిడ కొడుకు వాన్నెస్. నాతో ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. లారీ డ్రైవరు. సోమవారం పొద్దున్నే స్పెయిన్ వైపో ఇటలీ వైపో పోతాడు, శుక్రవారం వస్తాడు. వచ్చి తల్లి కాచిన బీరు తాగుతాడు. తాగిన సీసా నీళ్ళతో కడిగి పెట్టాలని కూడా తెలియదు, అడుగున మడ్డి ఎండిపోయి రాయిలా అంటుకునేది. ఆ సీసాలన్నీ తోమింది నేను. పదిహేడేళ్ళు.

బీరుకు చేదునిచ్చే హాప్స్ కోతలు అయిపోయిన వారానికి గోడెలీవ్ అత్త పోయింది. ఎనభై ఒక్కేళ్ళు. నిద్రలోనే. చర్చిలో ఫాదర్ మాట్లాడుతూ ఆవిడ బీరు ప్రస్తావన తెచ్చాడు. జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. "ఆ తల్లి చేతి రుచిని ఇక ఆమె కొడుకు వాన్నెస్ నిలబెడతాడు," అన్నాడు ఫాదర్. అందరూ వాన్నెస్ వైపు తిరిగి తల ఊపారు. నేను ఐదో వరుసలో ఉన్నాను. నా ఇంట్లో ఆ సమయానికి తొట్టి నిండా నురగ లేస్తూ ఉంది. ఎవరూ నా వైపు చూడలేదు.

ఆ మాట నాలో కుళ్ళుతూనే ఉండిపోయింది. అందులో అంత బాధపడాల్సింది ఏముందని ఎవరైనా అడగచ్చు. అలా అడిగేవాళ్ళకు జీవితంలో ఇంకేవో దక్కి ఉంటాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున వాన్నెస్ మా ఇంటికొచ్చాడు. చేతిలో మూతున్న గాజు జాడీ ఉంది. మరగబెట్టి, గుడ్డతో తుడిచి తెచ్చాడు.

"నీల్, ఒక సాయం చెయ్యాలిరా. ఇంట్లో అమ్మ ఈస్ట్ తిండి లేక చచ్చిపోయింది, నీ దగ్గర్నుంచి కొంచెం ఇస్తావా?"

"నీకెందుకు?"

"ఏంటా ప్రశ్న? కాస్తాను. అమ్మ పుట్టినరోజు మార్చిలో కదా. ఆ రోజుకి అందరికీ తలో గ్లాసు పొయ్యాలని."

"నీకు కాచడం వచ్చా?"

"అమ్మ పుస్తకంలో రాసి పెట్టింది. అయినా నువ్వున్నావు కదా పక్కన, తప్పు చేస్తే తిట్టడానికి." నవ్వాడు. "చిన్నప్పట్నుంచీ నన్ను తిట్టడం నీకిష్టమే కదా."

వారం ఆగి రమ్మన్నాను. ఆ వారం నేను కాచిన తొట్టి మీంచి మంచి నురగ తీశాను. మూడు జాడీలు నిండాయి. రెండు నావి. మూడోది వాన్నెస్‌ది.

మూడో జాడీని ఒక గిన్నెలో పెట్టి, చుట్టూ నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టాను. చెయ్యి పెట్టలేనంత వేడి, కానీ మరగనివ్వలేదు. మరిగితే గడ్డలు కడుతుంది, తెలిసిపోతుంది. అరగంట అలా ఉంచితే చాలు, అందులో ఒక్కటి కూడా బతకదు. ఆ అరగంట గడియారం చూస్తూ కూర్చున్నాను. నా భార్య, వీర్ల ఆమె పేరు, బట్టలు ఆరేసి లోపలికొచ్చింది.

"ఏంటది, ఏం ఉడకబెడుతున్నావ్?"

"జాడీ శుభ్రం చేస్తున్నా."

వీర్ల ఒక క్షణం గిన్నెలోకి చూసింది. తట్ట పట్టుకుని పైకెళ్ళిపోయింది.

వాన్నెస్ వచ్చినప్పుడు జాడీ చల్లగా, ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంది. బతికున్న ఈస్ట్ జాడీ మూత తీస్తే బుస్సుమంటుంది. దీనికి ఆ చప్పుడు రాదు. అందుకే ముందే చెప్పాను.

"మూత వదులుగా పెట్టానురా, పేలకుండా. రసం ఇరవై డిగ్రీలకు దిగాక కలుపు. తొందరపడకు."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు వాన్నెస్. జాడీని కోటు లోపల పెట్టుకుని పోయాడు, పక్షి పిల్లను పట్టుకున్నట్టు.

మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో మామగారి పొలంలో తవ్విన హాప్ మొలకలు. మార్చిలో వాటిని వండుకు తినడానికి జనం కొట్టుకుంటారు. బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"చంపేశానురా నీల్."

"ఏమైంది?"

"ఏమీ అవలేదు, అదే అయ్యింది. నువ్వు చెప్పినట్టే ఇరవైకి దించి కలిపా. ఒక రోజు చూశా, రెండ్రోజులు చూశా. ఒక్క బుడగ లేదు. చలికి ముడుచుకుందేమోనని కంబళి కప్పా. సెలవు పెట్టి తొట్టి పక్కనే సోఫాలో పడుకున్నా. మా ఆవిడ, నా పక్కన ఎప్పుడైనా అలా పడుకున్నావా అని తిట్టింది కూడా. ఐదో రోజు పైన తెల్లగా పొరలా కట్టింది. వాసన చూస్తే వెనిగరు."

"ఏం చేశావ్ మరి?"

"మోరీలో పోశా. నలభై లీటర్లు." పొట్లాన్ని బల్ల మధ్యకు జరిపాడు. "మా అమ్మని రెండోసారి పాతిపెట్టినట్టుందిరా."

ఫ్రిజ్‌లో నా రెండు జాడీలు బతికే ఉన్నాయి. చెయ్యి చాపి ఒకటి తీసి ఇస్తే సరిపోయేది. ఏం జరిగిందో చెప్పాల్సిన అవసరం కూడా లేదు. "పోనీలేరా, ఇంకోటి తీసుకో" అంటే చాలు, అక్కడితో అంతా కప్పబడిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే వాన్నెస్ అన్నాడు.

"నాకు ఇంకోటి ఇవ్వకు. మళ్ళీ చంపుతాను. నీ చేతిలోనే ఉండనీ. నీ చెయ్యి మంచిది, అమ్మ కూడా అనేది."

అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. ఆ మొలకల్ని వీర్ల వెన్నలో వేయించి, మీద గుడ్డు పెట్టింది. తిన్నాను. బాగున్నాయి.

ఆ తర్వాత ఈస్ట్ నాదే. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. పక్క పట్నం పోపరింగెలో ఇంటి దగ్గర బీరు కాచేవాళ్ళ సంఘం ఒకటుంది. టీచర్లు, ఒక బ్యాంకు మేనేజరు, కంప్యూటర్లతో ఉష్ణోగ్రతలు చూసుకునే కుర్రవాళ్ళు. నేనూ చేరాను, కోర్నీల్ అని నా పూర్తి పేరు రాయించి. నా దగ్గర ఉన్నది వాళ్ళెవరూ కొనలేరని ఒక ధీమా.

అక్కడ మొదటి పోటీలో నాకు మూడో స్థానం వచ్చింది. తీర్పు చెప్పిన టీచరుగారు గ్లాసు వెలుతురుకెత్తి చూసి, "రుచి అద్భుతం, కోర్నీల్ గారూ. కానీ కాస్త మబ్బుగా ఉంది," అన్నాడు.

మబ్బు. ఆ మాట పట్టుకున్నాను. అత్త బీరు ఎప్పుడూ మబ్బుగానే ఉండేది, ఆవిడ దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ ఈస్ట్ ఆఖరిదాకా రసంలోనే ఈదుతూ పనిచేస్తుంది, తొందరగా అడుగుకు దిగదు. అందుకే మబ్బు. నేనేం చేశానంటే, నురగ తీయడం మానేశాను. షిఫ్టు పని చేసేవాడికి సరిగ్గా రెండో రోజు గరిటె పట్టుకుని నిలబడటం ఎలాగూ కష్టమే. తొట్టిని చల్లబరిచి, అందరికంటే ముందు అడుగున పడిన గట్టి మడ్డిని మాత్రం ఉంచుకున్నాను. ఇంకా పైన తేలుతున్నదాన్ని పారబోశాను. తర్వాతి బీరు ఇంకొంచెం తేటగా వచ్చింది. మళ్ళీ ముందు దిగినదాన్నే తీశాను. నాలుగోసారికి గాజులా వచ్చింది. మొదటి బహుమతి. ఒక చెక్కపలక, దాని మీద నా పేరు. వీర్ల దాన్ని గోడకు కొట్టడానికి మేకు ఇవ్వలేదు, నేనే వెతుక్కున్నాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలియలేదు. ప్రతిసారీ ముందు పడుకున్నవాళ్ళనే ఏరి, వాళ్ళ పిల్లల్ని పెంచాను. వాళ్ళలోంచి మళ్ళీ ముందు పడుకున్నవాళ్ళను. పనిచేసేవాళ్ళను నా చేత్తోనే మోరీలో పోశాను. అలా తొమ్మిది సార్లు, పది సార్లు. ఒక ఏడాది తిరిగేసరికి నా దగ్గర మిగిలినవన్నీ సోమరులే.

చక్కెర కొలత రెండుకు దిగడం మానేసింది. మూడు దగ్గర ఆగింది. మాల్ట్ బాగాలేదనుకున్నాను. తర్వాత నాలుగు. గది చలిగా ఉందనుకుని హీటరు పెట్టాను. తర్వాత ఐదు, అక్కడే కూర్చుంది. తొట్టి కదిలించాను, గరిటెతో కలిపాను, బతిమాలాను. అది ఐపోయిందనుకుని సీసాల్లో నింపితే, ఆ సోమరి ఈస్ట్ సీసాల్లో తాపీగా మేలుకుని మిగతా తీపిని తినడం మొదలుపెట్టింది. ఆగస్టు వేడికి సెల్లారులో పదకొండు సీసాలు పేలాయి. గాజు ముక్కలు గోడ సున్నంలో గుచ్చుకున్నాయి.

ఆ ఏడాది సంఘంలో టీచరుగారు ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

"కోర్నీల్ గారూ, ఇది బీరా, కేకు మీద పోసే పాకమా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గ్లాసు తీసుకుని నేనూ ఒక గుక్క తాగాను. మిరియం లేదు, నారింజ లేదు, గొంతులో గీరడం లేదు. తేటగా, అందంగా, చచ్చు తీపిగా ఉంది. ఇంటికెళ్ళి జాడీలన్నీ చూశాను. అన్నీ ఆ సంతానమే. కొత్తది తీసినప్పుడల్లా పాతది పారేశాను కాబట్టి వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు. సంఘంలో కుర్రవాళ్ళు ఏవో పొట్లాలు చెప్పారు, మఠాల ఈస్ట్ అట, పొలం బీరు ఈస్ట్ అట. మూడు రకాలు తెప్పించాను. ఒకటి అరటిపండు వాసన. ఒకటి లవంగం నోట్లో వేసుకున్నట్టు. మూడోది బాగానే ఉంది, చక్కగా రెండుకు దిగింది కూడా. కానీ అది ఆవిడది కాదు. పరాయివాళ్ళింట్లో మర్యాదగా కూర్చున్నట్టుంది తాగుతుంటే.

వంటింట్లో తల పట్టుకుని కూర్చుంటే వీర్ల బంగాళాదుంపలు చెక్కుతూ అంది:

"దీనికే కదా ఆవిడ రెండిళ్ళు అనేది."

చెక్కిన దుంపను నీళ్ళలో వేసింది.

"రెండో ఇంట్లో ఉండుంటే ఇప్పుడు జాడీ పట్టుకుని వెళ్ళేవాడివి."

"వాడు చంపుకున్నాడు కదా."

వీర్ల కత్తి కింద పెట్టింది. "నిండు జాడీని ఎవడైనా అలా శుభ్రం చేస్తాడా, కోర్నీల్? నేను బీరు కాయను కానీ, కళ్ళున్నాయి నాకు."

మూడేళ్ళు ఆ మాట ఆమె నోట్లో దాచుకుంది. నేను కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

"ఇప్పుడు ఏం చెయ్యమంటావ్?"

"వాళ్ళ సెల్లారులో ఆవిడ చేతి సీసాలేమైనా మిగిలాయేమో అడుగు. అడుగున మడ్డి ఉంటుందిగా. అడిగేటప్పుడు మిగతాది కూడా చెప్పు."

"మిగతాది ఏం చెప్పను?"

"అది కూడా నేనే చెప్పాలా?"

శనివారం పొద్దున వెళ్ళాను. వాన్నెస్ ముంగిట్లో లారీ అద్దం తుడుస్తున్నాడు. నడుం పోయిందట, వచ్చే ఏడాది మానేస్తానన్నాడు. ఈస్ట్ నా దగ్గర పాడైపోయిందని చెప్పాను. వాన్నెస్ గుడ్డ పిండడం ఆపి నా మొహం చూశాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ దగ్గర కూడానా? అయ్యో. నీకెంత బాధగా ఉండాలి."

నేను పడ్డ బాధకు వాడు నన్ను ఓదార్చాడు. మిగతాది చెప్పలేకపోయాను.

"అమ్మ సీసాలు ఏవైనా ఉన్నాయా?"

"ఒకటుంది." సెల్లారులోకి వెళ్ళి తెచ్చాడు. సీసా మెడ మీద తెల్ల రంగుతో ఆవిడ చేతిరాత, ఆఖరి ఏడాది, మే నెల. "లారీ తాళాలు తిరిగిచ్చేసిన రోజున తాగుదామని దాచా."

"అయితే వద్దులే."

"వద్దేంటి? తాగుదాం పద, ఇద్దరం. మడ్డి నువ్వు లేపు. అది లేస్తే నేను మానేసే రోజుకి నలభై లీటర్లు ఉంటాయి, ఒక్క సీసా ఎందుకు?"

వాళ్ళ వంటింట్లో మూత తీశాం. బుస్సు తక్కువగా వచ్చింది. క్రిములు లేకుండా సీసా మూతిని అగ్గిపుల్లతో కాల్చి, కదలకుండా పోశాను. రెండు చిన్న గ్లాసులు, అడుగున వేలెడు ఎత్తు మడ్డి మిగిల్చాను. నాలుగేళ్ళ పాతది కదా, నారింజ పోయి, కాల్చిన చక్కెర వాసన వచ్చింది. కానీ మింగాక గొంతులో ఆ గీత పడింది, సన్నగా. వాన్నెస్ కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మ మోరీ దగ్గర తొట్టి కడుగుతూ పాడేది, గుర్తుందా? గాడిదలా."

"గాడిద కూడా నయం."

ఇద్దరం నవ్వాం. అప్పుడు చెప్పుండాల్సింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. ఖాళీ అయ్యాక మడ్డి లేచేదాకా ఆగుదామనుకున్నాను. లేస్తే, తిరిగి రెండిళ్ళలో పెట్టి, అప్పుడు చెబితే, అప్పటికి నష్టం తీరిపోయి ఉంటుంది కదా. నా లెక్క అది.

మరగబెట్టి చల్లార్చిన పలుచటి మాల్ట్ రసాన్ని ఆ సీసాలోనే మడ్డి మీద పోసి, మీద రేకు కప్పి వాళ్ళ అల్మరా మీద పెట్టాం. వాన్నెస్ ఆ వారం సెలవు పెట్టాడు. రోజూ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వాళ్ళింటికే వెళ్ళేవాణ్ణి. మెల్లగా తిప్పి, వెలుతురుకు పట్టి చూసేవాళ్ళం. నాలుగో రోజు ఒక బుడగ కనిపిస్తే వాన్నెస్ భార్యను కేకేశాడు. ఆమె వచ్చి చూసి, "సీసా తిప్పారు, గాలి లేచింది. మీరిద్దరూ పుట్టబోయే బిడ్డ తండ్రుల్లా ఉన్నారు," అని వెళ్ళిపోయింది. ఆరో రోజు ఏమీ లేదు. తొమ్మిదో రోజు రేకు తీయగానే, వాసన చూడక్కర్లేకుండానే తెలిసింది. వెనిగరు.

వాన్నెస్ ఆ సీసాకు రేకు మళ్ళీ కప్పాడు.

"మళ్ళీ నేనే," అన్నాడు. "సెల్లారులో బాయిలర్ పక్కనే పెట్టాను ఇన్నాళ్ళు. ఆ వేడికి ఏం బతుకుతుంది? అవతలి గోడ దగ్గర పెట్టినా ఉండేది. నా చెయ్యే అంతరా నీల్. అమ్మది ఏది ముట్టుకున్నా..."

ఇక అక్కడ ఆగలేకపోయాను.

"వాన్నెస్, అప్పుడు నీకిచ్చిన జాడీ చచ్చినది."

"ఏ జాడీ?"

"ఫిబ్రవరిలో ఇచ్చింది. వేడి నీళ్ళలో పెట్టి చంపి ఇచ్చాను. నేనే. నువ్వేం తప్పు చెయ్యలేదు. దాంట్లో ఏమీ లేదు, నువ్వు ఎన్ని కంబళ్ళు కప్పినా లేవదు."

వాన్నెస్ నా వైపు చూశాడు. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని చూసినట్టుంది. తర్వాత అర్థమైంది. అర్థమవడం మొహంలో కనిపించింది.

"ఎందుకు?"

ఫాదర్ అన్న మాట చెప్పాను. తోమిన సీసాల సంగతి చెప్పాను. నాలుగేళ్ళుగా లోపల కొండలా ఉన్న కారణాలు, వాళ్ళ వంటింట్లో బయటికి తీస్తుంటే ఒక్కొక్కటీ రొట్టె ముక్కంత కూడా లేదు. మధ్యలో ఆపేశాను.

వాన్నెస్ కుర్చీలో కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఎదురు చూశాను కూడా.

"ప్రతి ఆదివారం సమాధి దగ్గరికి వెళ్తాను," అన్నాడు. "వెళ్ళి, అమ్మా, నీది నిలబెట్టలేకపోయానే, క్షమించు, అంటాను. ఇన్నాళ్ళూ అదే మాట. ఇంకేం మాట్లాడాలో తెలియదు కాబట్టి, ఆ మాట ఉండేది." నా వైపు తిరిగాడు. "ఇప్పుడు ఆదివారం ఏం చెప్పను?"

నేనిప్పుడు చెప్పకుండా ఉంటే మేలు జరిగేదా, ఆ రోజే చెప్పి ఉంటే మేలు జరిగేదా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మార్చిలో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంటే జరిగేదని మాత్రం తెలుసు.

వాన్నెస్ లేచాడు. వెనిగరైన రసాన్ని సింకులో పోశాడు. సీసా లోపల బ్రష్ పెట్టి తోమాడు, మెడ మీద తెల్లరాత చెరగకుండా రెండు వేళ్ళతో పట్టుకుని. మూడుసార్లు నీళ్ళు పోసి జాడించి, తలకిందులుగా బోర్లించాడు. చక్కగా కడిగాడు. ఎవరు నేర్పారో తెలియదు. చేతులు తుడుచుకుని తలుపు తీసి పట్టుకున్నాడు.

"వీర్లని అడిగానని చెప్పు," అన్నాడు.

బయట వాన తుంపర. హాప్ తోటల్లో కోతలు అయిపోయి తీగల్లేని కర్రలు నిలబడి ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి వీర్ల గుమ్మంలోనే ఉంది.

"లేచిందా?"

"లేదు."

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"నిన్ను అడిగానన్నాడు."

వీర్ల ఇంకా ఏదో ఉంటుందని ఎదురు చూసింది. ఏమీ లేదు. తడిసిన కోటు నా చేతిలోంచి తీసుకుని కొక్కేనికి తగిలించింది. నేను వెనక గదిలోకి వెళ్ళి, ఫ్రిజ్‌లో మిగిలిన సోమరి జాడీలు నాలుగూ తీసి ఒక్కొక్కటే మోరీలో పోశాను. మూత తీసినప్పుడల్లా ఒక్కొక్కటీ బుస్సుమంది.